విశ్రాంతి యెవరిది?

మన రాజోలిలో నేతవారి మగ్గము ఇంటిలోనే యున్నది. అందువలన పనికిని ఇంటికిని నడుమ గోడ లేదు. రాత్రి చీకటియే గోడగా నుండెడిది. నేడు సెల్‌ఫోను ఆ గోడను తీసివేసినది. రాత్రి పది గంటలకు షావుకారు వాట్సాప్‌లో చీర అంచు నమూనా పంపును. అన్నము కలుపుచున్న చేయి ఆగిపోవును.

ఫోను చెడ్డదని మనము చెప్పము. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి మన ఊరిని ముంచెను. అట్టి ఆపదలో అర్ధరాత్రి పిలుపు ప్రాణము కాపాడును. చీర అంచు వరద కాదు, తెల్లవారువరకు ఆగగలదు.

ఫ్రాన్సు దేశములో 2017 జనవరి 1 నుండి, పనివేళ ముగిసిన తరువాత ఫోను మానుకొను హక్కును చట్టము గుర్తించినది. మన మగ్గపు ఇంటికి అట్టి చట్టము లేదు. అయితే నిర్గమకాండము 20వ అధ్యాయము చదువుడి. అచ్చటి విశ్రాంతి ఆజ్ఞ యజమానునితో ఆగక దాసునికి, దాసికి, పశువునకును విశ్రాంతి నిచ్చుచున్నది.

కాబట్టి మన ఫోను మనము ఆపుకొనుట సగము విధేయతయే. నేతగానికైనను, కూలివానికైనను రాత్రివేళ పని చెప్పకుండుట మిగిలిన సగము.

ఆలోచించుడి: ఈ రాత్రి మనము పంపు మాట ఎవరి విశ్రాంతిని తీసివేయును?