గ్రీన్ కార్డు గడువు తీరితే... లాయరు అవసరం ఎప్పుడు?

మన శాఖలకు వచ్చే ఎన్‌ఆర్‌ఐ ఖాతాదారుల్లోనూ, మన సహోద్యోగుల కుటుంబాల్లోనూ అమెరికా గ్రీన్ కార్డు ఉన్నవారు చాలామందే ఉన్నారు. పిల్లలు అక్కడ పౌరసత్వం పొందాక తల్లిదండ్రులకు కార్డు తెప్పించడం, పదవీ విరమణ చేసినవారు కొన్ని నెలలు అక్కడ, కొన్ని నెలలు ఇక్కడ గడపడం మామూలైంది. గడువు దగ్గరపడేసరికి అందరూ అడిగేది ఒకటే: కార్డు మార్చుకోవడానికి లాయరును పెట్టుకోవాలా? దీనికి జవాబు తెలియాలంటే ముందు ఒక తేడా గ్రహించాలి.

కార్డు వేరు, హోదా వేరు

ఏటీఎం కార్డు గడువు తీరినంత మాత్రాన ఖాతా మూతపడదు. గ్రీన్ కార్డు సంగతీ అంతే. మామూలు కార్డు గడువు 10 ఏళ్లు. ఆ తేదీ దాటినా శాశ్వత నివాస హోదా దానంతట అది పోదు. అయితే చెల్లుబాటులో ఉన్న కార్డు లేకపోతే కొత్త ఉద్యోగంలో చేరేటప్పుడు, ప్రయాణాల్లో చిక్కులు తప్పవు. పైగా 18 ఏళ్లు నిండినవారు కార్డును వెంట ఉంచుకోవాలని అక్కడి చట్టం చెబుతోంది.

దీనికి విరుద్ధమైన పరిస్థితి కూడా ఉంది. కార్డు మీద ఇంకా నాలుగేళ్ల గడువున్నా, హోదా ప్రమాదంలో పడవచ్చు. లాయరు అవసరం ప్రధానంగా అక్కడే వస్తుంది.

సాధారణ పునరుద్ధరణ

గడువు తీరడానికి 6 నెలల ముందు నుంచి ఐ-90 అనే ఫారంతో దరఖాస్తు చేసుకోవచ్చు. 2024 ఏప్రిల్ 1 నుంచి అమలైన రుసుము ఆన్‌లైన్‌లో 415 డాలర్లు, కాగితం ఫారానికి 465 డాలర్లు. రుసుములు మారుతుంటాయి కనుక దరఖాస్తు చేసే రోజున అధికారిక వెబ్‌సైట్‌లో సరిచూసుకోవాలి. దరఖాస్తు అందినట్లు వచ్చే రసీదు, పాత కార్డు గడువును 36 నెలలు పొడిగిస్తుంది. పాత కార్డు, రసీదు కలిపి చూపితే హోదాకు రుజువు అవుతుంది. వేలిముద్రలకు పిలిస్తే తప్పక హాజరు కావాలి. చిక్కులేమీ లేనివారు ఈ పనంతా సొంతంగా చేసుకోవచ్చు.

అయితే వివాహం ద్వారా 2 ఏళ్ల షరతుల కార్డు పొందినవారికి ఐ-90 పనికిరాదు. వారు గడువుకు ముందున్న 90 రోజుల్లో ఐ-751 ఫారం దాఖలు చేయాలి. చేయకపోతే పోయేది కార్డు ఒక్కటే కాదు, హోదా కూడా. విడాకులైనా, కలహాలున్నా ఈ దశలోనే లాయరును కలవడం మంచిది.

లాయరు ఎప్పుడు కావాలి?

మొదటిది, అరెస్టు లేదా కేసు ఉన్నప్పుడు. దరఖాస్తు చేసినప్పుడు వేలిముద్రల ఆధారంగా పాత రికార్డులన్నీ పరిశీలిస్తారు. ఎప్పుడో ముగిసిన కేసు కూడా బయటికి రావచ్చు. కొన్ని రకాల నేరాలు దేశ బహిష్కరణ విచారణకు దారితీస్తాయి. అందువల్ల దరఖాస్తు పంపిన తర్వాత కాకుండా, పంపకముందే సలహా తీసుకోవాలి.

రెండోది, ఎక్కువ కాలం అమెరికా బయట ఉన్నప్పుడు. ఉదాహరణకు, పదవీ విరమణ చేసిన ఒక తండ్రి ఆరోగ్యం బాగోలేక 14 నెలలు గుంటూరులోనే ఉండిపోయారనుకుందాం. ఏడాది దాటితే ఆ కార్డు ఒక్కటే తిరుగు ప్రవేశానికి చాలదు. అమెరికాలో ఉండగానే దరఖాస్తు చేసి, సాధారణంగా 2 ఏళ్లు చెల్లే రీ-ఎంట్రీ పర్మిట్ తీసుకోవలసింది. అది లేనప్పుడు, తన చేతిలో లేని కారణాల వల్ల ఆగిపోయానని రుజువులతో కాన్సులేట్‌లో ఎస్‌బీ-1 వీసా కోరాలి. విమానాశ్రయంలో అధికారి హోదా వదులుకునే ఐ-407 ఫారం ఇచ్చినా, దానిమీద సంతకం చేసి తీరాలన్న నియమం లేదు. ఇమ్మిగ్రేషన్ జడ్జి ముందు విచారణ కోరవచ్చు. ఒక్క సంతకంతో పిల్లల దగ్గరికి వెళ్లే దారి మూసుకుపోవచ్చు.

మూడోది, అమెరికా పన్ను రిటర్నులో తాను అక్కడి నివాసిని కానని రాసినప్పుడు. అది హోదా వదులుకున్నట్లు సూచనగా తీసుకునే వీలుంది.

ఎవరిని నమ్మాలి?

మన దేశంలో నోటరీలు సాధారణంగా న్యాయవాదులే. అమెరికాలో నోటరీ పబ్లిక్ అయినంత మాత్రాన న్యాయ సలహా ఇచ్చే అర్హత రాదు. ఫారాలు నింపిపెట్టే ఏజెంట్లకూ ఆ అర్హత లేదు. అక్కడి ఏదో ఒక రాష్ట్ర బార్‌లో సభ్యత్వం ఉన్న న్యాయవాది గానీ, న్యాయశాఖ గుర్తింపు పొందిన సేవాసంస్థ ప్రతినిధి గానీ సలహా ఇవ్వాలి. వారు మన తరఫున హాజరవుతున్నట్లు జీ-28 ఫారం దాఖలు చేస్తారు. ఫీజు ఒప్పందం రాతపూర్వకంగా తీసుకోండి. ఖాళీ ఫారంపై సంతకం చేయకండి. పంపిన ప్రతి కాగితం నకలు మీ దగ్గర ఉంచుకోండి.

మన కౌంటరు దగ్గర

ఖాతాదారు గడువు తీరిన కార్డు చూపితే, పునరుద్ధరణ రసీదు ఉందేమో అడగాలి. మన దేశంలో నివాస హోదాను నిర్ణయించేది ఫెమా చట్టమే గానీ గ్రీన్ కార్డు కాదు. ఇక్కడే స్థిరపడాలని తిరిగి వచ్చినవారి చేతిలో కార్డు ఉన్నా, ఎన్‌ఆర్‌ఈ ఖాతాను నివాసి ఖాతాగానో, ఆర్‌ఎఫ్‌సీ ఖాతాగానో మార్చవలసి ఉంటుంది.

మరోవైపు, కార్డు గడువు తీరినా అమెరికా పన్ను బాధ్యత తీరదు. అందుకే ఫాట్కా ధ్రువీకరణ జాగ్రత్తగా తీసుకోవాలి. విదేశీ ఖాతాల్లోని మొత్తం నిల్వలు ఏడాదిలో ఎప్పుడైనా 10,000 డాలర్లు దాటితే గ్రీన్ కార్డుదారులు ఎఫ్‌బార్ నివేదిక ఇవ్వాలి. మన దగ్గరున్న డిపాజిట్లు కూడా ఆ లెక్కలోకి వస్తాయి. ఈ విషయం తెలియని పెద్దలు చాలామంది ఉన్నారు. డిపాజిట్ రెన్యువల్‌కు వచ్చినప్పుడు, పన్ను నిపుణుణ్ణి అడగమని ఒక్క మాట చెబితే వారికి మేలు చేసినవాళ్లమవుతాం.