ఏ షరతు దండగ?

హాస్టల్లో చేరడానికి కుల, ఆదాయ ధ్రువపత్రాలు అడిగితే అర్థముంది. చేరేవారు మనుషులై ఉండాలని నోటీసు బోర్డు మీద రాస్తే? దానివల్ల ఆగిపోయేవారు ఒక్కరూ ఉండరు.

జావాలోనూ ఇలాంటి షరతులున్నాయి. 2004లో జావా 5తో జెనరిక్స్ వచ్చాయి. రకం పేరుకు బదులు 'టి' అని రాసి, 'ఎక్స్‌టెండ్స్' అనే మాటతో దానికి హద్దు పెడతాం. 'టి ఎక్స్‌టెండ్స్ ఆబ్జెక్ట్' అంటే పై నోటీసులాంటిదే, జావాలో ప్రతి క్లాసూ ఆబ్జెక్ట్ సంతానమే కదా!

కోడ్‌ను నడపకుండానే చదివి ఇలాంటివి చూపే ప్రోగ్రామ్ రాయడం మేము నేర్చుకుంటున్నాం. అక్షరాలు వెతికితే చాలదు. ఎవరైనా ఆబ్జెక్ట్ పేరుతో సొంత క్లాసు రాసుకొని ఉండొచ్చు. అది అసలు ఏ క్లాసో కంపైలర్‌నే అడగాలి.

అసలు చిక్కు వేరే ఉంది. జావా లైబ్రరీలో కలెక్షన్స్ క్లాసులోని మ్యాక్స్ మెథడ్ చూడండి. అక్కడ టికి రెండు హద్దులు: ముందు ఆబ్జెక్ట్, తర్వాత కంపేరబుల్. ఆబ్జెక్ట్ దండగనిపిస్తుంది. కానీ కంపైల్ అయ్యాక టి చెరిగిపోయి మొదటి హద్దే మిగులుతుంది. ఉద్యోగంలో కొత్తగా చేరిన తమ్ముడు మన హెచ్చరికను నమ్మి ఆబ్జెక్ట్ తీసేశాడనుకోండి, మ్యాక్స్ తిరిగిచ్చే రకం కంపేరబుల్‌గా మారిపోతుంది. జెనరిక్స్ రాకముందు కంపైలైన ప్రోగ్రాములు ఆబ్జెక్ట్ ఇచ్చే పాత మ్యాక్స్ కోసం వెతుకుతాయి, దొరక్క మధ్యలో ఆగిపోతాయి. తిరిగి కంపైల్ చేద్దామంటే వాటి కోడ్ అందరి దగ్గరా ఉండదు.

కాబట్టి ఆబ్జెక్ట్ ఒక్కటే హద్దయితే హెచ్చరించాలి, పక్కన మరొకటుంటే ఊరుకోవాలి. మీరు రాసేటప్పుడు మ్యాక్స్‌నే మొదటి పరీక్షగా పెట్టుకోండి.