నల్లావు నడక

చిట్టీ,

నువ్వు పంపిన నల్లావు వీడియో నాలుగుసార్లు చూశానమ్మా. పాలు పద్నాలుగు లీటర్ల నుంచి పదికి పడ్డాయి, దాణా పెంచమంటావా అని అడిగావు. పెంచొద్దు. రేపు డాక్టరును పిలవమని ఫోనులో చెప్పాను కదా, మిగతాది నిదానంగా రాసి మీ అన్న చేతికిచ్చి పంపుతున్నాను.

నల్లావు మేత దగ్గర నిలబడినప్పుడు వీపు చదునుగానే ఉంది. నాలుగడుగులు వేయగానే విల్లులా వంగింది. అంటే కుంటు ఇప్పుడిప్పుడే మొదలవుతోంది. నిలబడినప్పుడు కూడా వంగిందంటే ముదిరినట్టు. వారానికొకసారి ఆవుల్ని గట్టి నేల మీద నడిపించి, పక్క నుంచి వీపులు చూడు.

ఇది తెలియకే నేనొక ఆవును పోగొట్టుకున్నాను. రెండో ఈత హెచ్‌ఎఫ్ జాతిది. ముల్లు గుచ్చుకుందిలే, అదే పోతుందిలే అని పదిహేను రోజులు ఊరుకున్నా. గిట్ట చెక్కి చూసేసరికి చీము ఎముక దాకా పోయింది. ఆఖరికి లేవలేకపోయింది. మీ పెద్దమ్మ ఆ రోజు అన్నం ముట్టలేదు. ఆ తప్పు నాది, నువ్వు చేయకు.

డాక్టరు కాలు ఎత్తించినప్పుడు పక్కనే నిలబడి చూడు. పాడి ఆవుల్లో ఎక్కువగా దెబ్బతినేది వెనక కాలి బయటి గిట్ట. అరికాలు పుండు పడితే చుట్టూ చెక్కి, పక్కనున్న మంచి గిట్టకు చెక్కదిమ్మ అతికిస్తారు. బరువంతా దాని మీద పడి పుండున్న గిట్టకు విశ్రాంతి దొరుకుతుంది. నొప్పి తగ్గే మందూ అడుగు. గిట్టల సందు వాచి కుళ్ళు వాసన వస్తే అది వేరే జబ్బు, యాంటీబయాటిక్ కోర్సు పూర్తిగా వేయించాలి. ఎన్నాళ్ళు పాలు పోయకూడదో అప్పుడే కనుక్కో. కిరసనాయిలు పోయడం, కాల్చడం, గుడ్డ బిగించి మరిచిపోవడం వద్దే వద్దు. నోట్లో పొక్కులు, చొంగ, జ్వరం కూడా ఉంటే గాలికుంటు. ఆ ఆవును వెంటనే విడిగా కట్టి డాక్టరుకు చెప్పు. ఆరు నెలలకోసారి టీకా తప్పనివ్వకు.

ఇక అసలు సంగతి నీ కొట్టం. నిరుడు నువ్వు సిమెంటు పోయించావు. కడగడానికి బాగుంటుంది, నిజమే. కానీ ఆవు రోజుకు పదకొండు, పన్నెండు గంటలైనా పడుకోవాలి. గట్టి నేల మీద పడుకోవడానికి జంకి నిలబడే ఉంటుంది. గిట్ట లోపల ఎముక కింద మెత్తలాంటి కొవ్వు ఉంటుంది. ఈనాక ఆవు చిక్కిపోతే ఆ మెత్త కూడా పలచబడుతుంది. అప్పుడు సిమెంటు మీద నిలబెడితే అరికాలు లోపలే నలుగుతుంది, పుండు బయటపడేసరికి నెలలు పడుతుంది. రబ్బరు మ్యాట్లకు డబ్బు లేకపోతే వేపచెట్టు కింద మట్టి ఆవరణకు కంచె వేయించు. పాలు పిండాక అక్కడ వదులు. పేడ, తడి నిలవనివ్వకు.

మీ అమ్మ పాలకోసమని నూకలు ఉడికించి పెడుతుంది. ఆమె ప్రేమను తప్పుపట్టను. కానీ ఒక్కసారిగా అంత పిండిపదార్థం పడితే పొట్ట పులుస్తుంది, గిట్టలకూ చేటే. ముందు జొన్నచొప్ప వేసి, దాణా మూడు నాలుగు విడతలుగా పెట్టమను.

గిట్టలకు జబ్బు అంటకుండా ఆవుల్ని కాళ్ళు కడిగాకే మందునీళ్ళ తొట్టిలో నడిపించు. వంద లీటర్ల నీళ్ళకు ఐదు కిలోల మైలుతుత్తం, గిట్టలు పూర్తిగా మునగాలి. ఇనుప తొట్టి పనికిరాదు, తినేస్తుంది. ఆ నీళ్ళు ఆవుల్ని తాగనివ్వకు, మురికి పట్టగానే మార్చు, పారబోసేటప్పుడు మడిలోకి వదలకు.

గిట్టలు చెక్కించడం ఆవు వట్టిపోయేటప్పుడు ఒకసారి, ఈనిన రెండు మూడు నెలలకు ఇంకోసారి. ఎద్దులకు నాడాలు కొట్టేవాళ్ళు మంచి పనివాళ్ళే, కానీ పాడి ఆవు అరికాలు మందంగా ఉండాలని వాళ్ళకు నువ్వే చెప్పాలి. బొటనవేలితో నొక్కితే మెత్తగా తగిలిందా, ఎక్కువ చెక్కినట్టే.

రేపు డాక్టరు వెళ్ళగానే ఏ గిట్టో, ఏమన్నాడో ఫోను చేసి చెప్పు. ఎంత రాత్రయినా మేలుకునే ఉంటాను.

మీ పెదనాన్న
పలమనేరు