చిలీలో బస్సే మన రైలు

కశ్మీరు నుంచి కన్యాకుమారికి ఉన్న దూరం కంటే ఎక్కువ పొడుగు, సగటున రెండు వందల కిలోమీటర్లు కూడా లేని వెడల్పు. చిలీ అంటే అదీ. ఉత్తరాన అరీకా నుంచి దక్షిణాన కేప్ హార్న్ దాకా సుమారు 4,300 కిలోమీటర్లు. శాంటియాగోలో ఉద్యోగానికి వచ్చే మనవాళ్లు చాలామంది ఇల్లు, ఆఫీసు, భారతీయ సరుకులు దొరికే కొట్టు, ఈ మూడింటి మధ్యే తిరిగి రెండేళ్లు గడిపేసి వెళ్లిపోతున్నారు. అలా కాకూడదనే ఇది రాస్తున్నాను.

ముందు విమానాశ్రయం సంగతి. దిగగానే వ్యవసాయ శాఖ తనిఖీ ఉంటుంది. వాళ్లను ఇక్కడ 'సాగ్' అంటారు. పండ్లు, కూరగాయలు, విత్తనాలు, పచ్చి ఆకులు, ఇంట్లో కాచిన నెయ్యి తేవద్దు. ఒకవైపు ఎడారి, ఒకవైపు ఆండీస్, ఒకవైపు సముద్రం కాపలాగా ఉండబట్టి ఎన్నో పంట తెగుళ్లు ఈ దేశంలోకి రాలేదు. ద్రాక్ష, చెర్రీ ఎగుమతుల మీద బతికే రైతులున్న చోట ఈ కట్టుబాటు న్యాయమైనదే. పప్పులు, పొడులు, పచ్చళ్లు ఏవున్నా ఫారంలో 'ఉన్నాయి' అనే రాయండి. రాస్తే మహా అయితే ఆ వస్తువు తీసేసుకుంటారు. దాచి దొరికితే జరిమానా. బయల్దేరేటప్పుడు అమ్మ సర్దే సంచీలో కరివేపాకు ఉందేమో మీరే ఒకసారి చూసుకోండి.

నగరంలో తిరగడానికి 'బిప్' కార్డు కావాలి. మెట్రో స్టేషన్ కౌంటర్లో ఇస్తారు. మెట్రోకీ సిటీ బస్సుకీ అదొక్కటే. బస్సును ఇక్కడ 'మిక్రో' అంటారు. డ్రైవరు డబ్బు తీసుకోడు, కండక్టరు ఉండడు. ఒకసారి కార్డు తాకిస్తే రెండు గంటల్లోపు రెండుసార్లు బండి మారవచ్చు. హైదరాబాద్ మెట్రో అలవాటున్నవాళ్లు స్టేషన్ బయటికి వెళ్లేటప్పుడు కార్డు ఎక్కడ పెట్టాలా అని వెతుక్కుంటారు. ఇక్కడ లోపలికి వెళ్లేటప్పుడే, ఒక్కసారే. మెట్రో ఛార్జీ దూరాన్ని బట్టి కాదు, వేళను బట్టి మారుతుంది. ఉదయం 7 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 8 మధ్య ఎక్కువ. ఆ వేళల్లో ఒకటో లైన్లో నిలబడే చోటు కూడా కష్టం. బ్యాగు ముందుకు తగిలించుకోండి, తలుపు దగ్గర నిలబడి ఫోను చూడకండి.

కొలెక్తీవో అని ఇంకొకటుంది. పైన నంబరు బోర్డున్న నల్ల కారు, ఒకే దారిలో తిరుగుతుంది, నలుగురు ఎక్కుతారు, చిల్లర ఇవ్వాలి. మన షేర్ ఆటో లాంటిదే. మీటరు టాక్సీ అయితే నల్లకారు మీద పసుపు పైకప్పు.

ధరలు చదవడం నేర్చుకోండి. అంకెల మధ్య చుక్క వేల గుర్తు. 1.500 అంటే ఒకటిన్నర కాదు, పదిహేను వందల పెసోలు. ముందున్న గుర్తు డాలరుది లాగే ఉంటుంది, అదీ పెసోయే. వెయ్యి పెసోలను మాటల్లో 'లూకా' అంటారు. 'దోస్ లూకాస్' అంటే రెండు వేలు.

ఇక ఊళ్లు దాటే ప్రయాణం. విజయవాడ స్టేషన్లో నిలబడితే ఎటైనా వెళ్లవచ్చన్న ధీమా మనకుంది కదా, ఇక్కడ ఆ ధీమా ఇచ్చేది బస్సు. రైలు శాంటియాగో నుంచి దక్షిణంగా చియాన్ వరకు బాగానే ఉంది, అంతకు మించి ఆశించవద్దు. దూరపు బస్సులు అలమేదా వీధి వెంట ఉన్న టెర్మినళ్ల నుంచి బయల్దేరతాయి. ఒక్కో దిక్కుకు ఒక్కో టెర్మినల్ కాబట్టి టికెట్ మీద పేరు చూసుకోవాలి. టికెట్ కొనేటప్పుడు 'రుత్' అడుగుతారు, అది ఇక్కడి గుర్తింపు సంఖ్య. అది వచ్చేవరకు పాస్‌పోర్టు నంబరు చెప్పండి. సీట్లలో 'సేమి కామా' సగం వాలుతుంది, 'సలోన్ కామా' ఇంకా ఎక్కువ వాలుతుంది. రాత్రి ప్రయాణానికి నేను రెండోదే తీసుకోమంటాను. అటకామా ఎడారికి వెళ్లేవాళ్లు దిగే కలామాకు దాదాపు ఒక రోజు పడుతుంది, నడుం సంగతి ఆలోచించుకోవాలి. అక్కడ శాన్ పెద్రో ఊరు 2,400 మీటర్ల ఎత్తు, ఎల్ తాతియో వేడినీటి బుగ్గలు 4,300 మీటర్లు. చేరిన రోజే పైకి పోవద్దు, ఒకటి రెండు రోజులు కింద ఉండి వెళ్లండి.

శాకాహారులు ఒక మాట గుర్తుంచుకోవాలి. 'సిన్ కార్నె' అంటే ఇక్కడ చాలామందికి గొడ్డుమాంసం లేదనే అర్థం. కోడి, హామ్ వచ్చేస్తాయి. 'నీ పోయో, నీ హమోన్, నీ పెస్కాదో' అని కోడినీ హామ్‌నూ చేపనూ పేరు పెట్టి వద్దనాలి. దారిలో నమ్మదగినవి చీజ్ కూరిన, కజ్జికాయ లాంటి 'ఎంపనాడా', 'పాల్తా' అనే అవకాడో రాసిన రొట్టె.

దక్షిణం చాలా అందంగా ఉంటుంది, కానీ ఆ కొసన ఉన్న పుంటా అరెనాస్‌కు చిలీ నేల మీదనే సాగే రోడ్డు లేదు. అర్జెంటీనా గుండా పోవాలి. మన పాస్‌పోర్టుకు ఆ దేశపు అనుమతి వేరే కావాలి, చిలీ వీసా అక్కడ చెల్లదు. లేదా విమానం ఎక్కాలి, లేదా పువెర్తో మోంత్ నుంచి నాలుగు రోజుల ఓడలో పువెర్తో నతాలెస్ చేరి అక్కణ్ణుంచి బస్సు. అర్జెంటీనాలోని మెందోసా వైపు కొండదారి కూడా చలికాలంలో మంచు పడితే మూసేస్తారు. చలికాలమంటే ఇక్కడ జూన్, జూలై, ఆగస్టు. సంక్రాంతి నడి వేసవిలో వస్తుంది. జనవరి, ఫిబ్రవరి సెలవుల రద్దీ, సెప్టెంబరు 18, 19 జాతీయ పండుగ, ఈ రెండింటికీ టికెట్లు బాగా ముందే కొనాలి. ఆ పండుగ రెండు రోజులూ మాల్స్ కూడా తెరవరు.

మొదటి ప్రయాణానికి నేను వాల్‌పరైసో చెబుతాను. పహారీతోస్ మెట్రో దగ్గర బస్సెక్కితే రెండు గంటల్లోపే చేరతారు. కొండల మీదికి పాకే అసెన్సోర్ పెట్టెలు 1883 నుంచి ఉన్నాయి, కింద పాత ట్రాలీ బస్సులు తిరుగుతుంటాయి. పిల్లలతో వెళ్లండి.

అక్కడ వీధుల్లో పరుగెత్తుతున్న మనిషి, కెరటం గీసిన బోర్డులు కనిపిస్తాయి. అలంకారం అనుకోవద్దు. 1960లో వాల్దివియా దగ్గర వచ్చిన 9.5 తీవ్రత భూకంపం ఇప్పటిదాకా కొలిచినవాటిలో అతి పెద్దది. 2010 ఫిబ్రవరి 27న 8.8 వచ్చింది, వెంట సునామీ కూడా. తీరంలో నిలబడలేనంతగా నేల ఊగితే సైరన్ కోసం ఆగకండి, కారు తీయకండి. పిల్లల చేయి పట్టుకుని ఆ బోర్డులు చూపించే దారిన నడుస్తూ కనీసం 30 మీటర్ల ఎత్తుకు చేరండి, దిగవచ్చని చెప్పేవరకు అక్కడే ఉండండి.