పాత జీపుకు పాత డీజిలు పంపు కొనేముందు

పాలు పితికిన తరువాత కాలం మన చేతిలో ఉండదు. వేసవిలో పచ్చిపాలు కొద్ది గంటల్లోనే శీతలీకరణ కేంద్రానికి చేరాలి. లేకుంటే ఎంత శుభ్రంగా పితికినా ఫలితం ఉండదు. అందువల్ల సొంత జీపు గాని వ్యాను గాని ఉన్న సంఘాలకు ఆ బండి డీజిలు పంపు కూడా పాల క్యానంత ముఖ్యమే. పాత బండ్లకు కొత్త పంపు దొరకనప్పుడు, లేదా ధర భరించలేనప్పుడు, వాడిన పంపు కొనక తప్పదు. అందులో తప్పేమీ లేదు. తెలియక కొనడమే తప్పు.

నేను తనిఖీ చేసిన ఒక సంఘంలో జరిగిన సంగతి చెబుతాను. జీపు పంపు చెడితే కార్యదర్శిగారు పట్నం వెళ్లి, అదే జాతి ఇంజను ఉన్న జనరేటరు నుంచి విప్పిన పంపు తెచ్చారు. చూడటానికి అచ్చం అలాగే ఉంది. బోల్టులూ సరిపోయాయి. ఊళ్లో ఖాళీ బండి తిప్పి చూస్తే బాగానే నడిచింది. మరునాడు క్యాన్లు ఎక్కించి బయలుదేరితే ఎంత తొక్కినా వేగం రాలేదు, ఎత్తు ఎక్కలేదు. పాలు ఆలస్యంగా చేరాయి, మరిగించి చూస్తే విరిగాయి. ఆ పూట నష్టం సభ్యులే భరించారు. పంపు వాపసు ఇద్దామంటే, రసీదులో “పాత పంపు ఒకటి” అని తప్ప నంబరు లేదు. అమ్మినవారు తమది కాదన్నారు.

ముందు పంపే చెడిందా?

బండి లాగకపోతే వెంటనే పంపును అనుమానించకూడదు. ఫిల్టరు మూసుకుపోవడం, పైపులో గాలి చేరడం, నాజిళ్లు కారడం, ఎయిర్ క్లీనరు దుమ్ముతో నిండడం – వీటికీ అవే లక్షణాలు. ఇవన్నీ చూసిన తరువాతే పంపు విప్పాలి. నాజిలు నుంచి డీజిలు వంద బార్లకు మించిన ఒత్తిడితో వస్తుంది. అది చర్మంలోకి దూసుకుపోగలదు. చెయ్యి అడ్డం పెట్టి చూడరాదు.

పంపు రెండు రకాలు

మొదటిది వరుస పంపు. ఇంజనుకు ఎన్ని సిలిండర్లు ఉంటే ఇందులో అన్ని ఎలిమెంట్లు ఉంటాయి. దీని కామ్ షాఫ్టు ఇంజనాయిలులో గాని సొంత ఆయిలులో గాని తిరుగుతుంది. రెండవది రోటరీ పంపు. ఒకే చోట ఒత్తిడి పుట్టి, అన్ని సిలిండర్లకూ వంతులవారీగా పంచబడుతుంది. దీనికి డీజిలే కందెన. కనుక డీజిలులో నీరు చేరినా, కిరోసిను కలిసినా ఇది త్వరగా అరుగుతుంది. సి.ఏ.వి. వారి డి.పి.ఏ., బాష్ వారి వి.ఇ. ఈ రెండవ రకానివి. పాత పంపుల మీద కనిపించే “మైకో” పేరు చూసి తికమకపడనక్కరలేదు. ఆ కంపెనీయే 2008లో బాష్ లిమిటెడ్‌గా పేరు మార్చుకున్నది.

పలక చదవడం నేర్చుకోండి

పంపు జాతకమంతా దాని పక్కనున్న పలక మీద ఉంటుంది. ఉదాహరణకు “వి.ఇ. 4/9 ఎఫ్ 2250 ఆర్” అని ఉన్నదనుకోండి. 4 అంటే నాలుగు సిలిండర్లు. 9 అంటే ప్లంజరు వ్యాసం 9 మిల్లీమీటర్లు. ఎఫ్ అంటే గవర్నరు యాంత్రికమైనది. 2250 అంటే పంపు నిమిషానికి తిరిగే చుట్లు. ఆర్ అంటే కుడివైపు తిరిగేది. ఎల్ అయితే ఎడమవైపు. నాలుగు స్ట్రోకుల ఇంజనులో పంపు ఇంజను వేగంలో సగం వేగంతో తిరుగుతుంది కనుక, ఈ పంపు 4,500 చుట్ల ఇంజనుకు చెందినది.

పై సంఘంలో జరిగిన పొరపాటు ఇక్కడే. మన కరెంటు 50 సైకిళ్లది. అందుకని ఇటువంటి జనరేటర్లు సాధారణంగా 1,500 చుట్లకు కట్టి ఉంటాయి. ఆ పంపు 750 చుట్లు దాటగానే గవర్నరు డీజిలు తగ్గించివేస్తుంది. జీపుకు అది చాలదు. ట్రాక్టరు పంపు విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. అవసరానికి మించి డీజిలు పంపే పంపు తగిలిస్తే నల్లపొగ వస్తుంది, ఇంజను వేడెక్కుతుంది, చివరకు పిస్టనుకే ముప్పు.

కొనేచోట చూడవలసినవి

1. పాత పంపు పలక మీది అక్షరాలన్నీ కాగితం మీద రాసుకుని, వీలైతే పంపునే వెంట తీసుకువెళ్లండి. పలక లేని పంపు కొనవద్దు.

2. ఫ్లాంజి బోల్టు రంధ్రాలు, షాఫ్టు, కీ గాడి, పైపుల మరలు సరిపోవాలి.

3. ఆపే సొలినాయిడు ఉంటే అది 12 వోల్టులదా, 24 వోల్టులదా చూడండి.

4. షాఫ్టు చేతితో తిప్పితే పట్టుకోరాదు, పక్కలకు ఊగరాదు. లోపల తుప్పు కనిపిస్తే నీరు తాగిన పంపు అని గ్రహించండి.

5. ప్లంజరుకు, బ్యారెలుకు మధ్య సందు మిల్లీమీటరులో వెయ్యోవంతులు రెండు మూడు మాత్రమే. అవి జతగా తయారైనవి. ఒకదాని ప్లంజరు మరొకదానిలో వేసి “సరిచేశాం” అంటే నమ్మవద్దు.

6. టెస్టు బెంచి మీద మీ ఇంజను లెక్కకు కాలిబ్రేషను చేయించండి. అన్ని లైన్లకూ డీజిలు సమంగా వస్తున్నదా, ఏ వేగంలో గవర్నరు కోస్తున్నది – ఈ అంకెలున్న చీటీ తీసుకోండి.

7. రోటరీ పంపుకు కొత్త సీళ్లు వేయించండి. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతటా అమ్ముతున్న బి.ఎస్.-6 డీజిలులో గంధకం పది లక్షల భాగాలకు 10కి మించదు. పాత సీళ్లు దీనికి కుదించుకుపోయి కారవచ్చు.

బిగించాక టైమింగు గుర్తులు కలపాలి. గాలి తీయాలి. తరువాత నీళ్లు నింపిన క్యాన్లు ఎక్కించి, ఎత్తున్న దారిలో నడిపి చూడాలి. ఖాళీ బండి పరీక్ష పరీక్ష కాదు.

పాలకవర్గం బాధ్యత

విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల పాత పంపులు చాలా దొరుకుతాయి. ధర ఒక్కటే చూసి తేకూడదు. ముందుగా తీర్మానం రాయండి. రెండు మూడు చోట్ల ధరలు కనుక్కోండి. రసీదులో పంపు నంబరు, రకం, వాపసు గడువు ఉండాలి. టెస్టు చీటీని వోచరుకు జతచేయండి. పరీక్ష పూర్తయ్యేదాకా పాత పంపును తూకానికి వేయవద్దు. అందులోని భాగాలు పనికిరావచ్చు.

పంపుకు పెట్టే ప్రతి రూపాయి ఏదో ఒక ఇంటి గేదె పాల సొమ్మే. దుకాణంలో మరో అరగంట నిలబడి పలక చదివితే ఆ సొమ్ము నిలుస్తుంది.

నెలవారీ సమావేశంలో చర్చించండి

1. మన బండి పంపు పలక మీద ఏమి రాసి ఉంది? ఆ వివరం సంఘం రిజిస్టరులో ఉన్నదా?

2. బండి ఆగిన పూట పాలు కేంద్రానికి చేర్చడానికి మనకున్న రెండవ ఏర్పాటు ఏమిటి?