తేలని మనస్సుతో ఇంజనీరింగు ముంగిట



ప్రతి యేటా ప్రవేశపరీక్ష ర్యాంకులు వెలువడిన నాటి నుండి మా అధ్యాపకుల గది ముందు చెప్పుల జతలు పెరుగుతాయి. తెలుగు చెప్పేవారి వద్దకు ఇంజనీరింగు సందేహాలతో రావడమేమిటని మా సహోద్యోగులు హాస్యమాడుతుంటారు. కారణం లేకపోలేదు. మేము ఆ దారిలో ఒక సంవత్సరం నడిచి వెనుకకు మరలినవారము. ఆ సంగతి నల్లపాడులో కొందరికి తెలుసు.

గత వేసవిలో ఒక సాయంత్రం గుంటూరు మిరప యార్డులో ముఠా కూలీగా పనిచేసే ఒక తండ్రి తన కుమార్తెను వెంటబెట్టుకొని వచ్చారు. చేతులకు మిరప ఘాటు అంటి ఉన్నందున జారిన కళ్ళజోడును కూడ కూతురి చేతనే సరిచేయించుకుంటున్నారు.

"సార్, పిల్ల ఇంజనీరింగు వద్దనదు, కావాలనీ అనదు. అడిగితే మీ ఇష్టం అబ్బా అంటుంది. ఇష్టపడడానికి మాకేం తెలుసు?"

ఆ అమ్మాయి ముందు నాలుగు దారులున్నవి. దూరాన ఒక ప్రైవేటు కళాశాలలో కంప్యూటరు శాఖ, హాస్టలు. గుంటూరు పొలిమేరలో ఎలక్ట్రికల్ శాఖ. పట్నంలో గణితంతో బి.యస్సీ. ఇవి గాక, డబ్బు కడితే యాజమాన్యపు కోటాలో సీటు "ఖాయం" చేస్తానని ఒక దళారి మాట.

ఈ తికమక మన తాతలకు లేదు. సీట్లే లేవు గనుక! 1794లో సర్వే పాఠశాలగా పుట్టిన మద్రాసు గిండీ కళాశాల, 1946లో విశాఖపట్నంలో మొదలై కాకినాడకు తరలిన కళాశాల – ఇట్లా వ్రేళ్ళమీద లెక్కింపదగినవే ఉండేవి. 1977లో విజయవాడలో సిద్ధార్థ కళాశాల, 1981లో బాపట్లలో, 1985లో మన పొరుగున చౌడవరంలో కళాశాలలు వెలసిన తరువాత గాని కృష్ణా, గుంటూరు రైతుబిడ్డలకు ఆ చదువు గడపలోనికి రాలేదు. సీటుకు విరాళం పుచ్చుకొనడాన్ని నిషేధిస్తూ 1983లో రాష్ట్ర చట్టం వచ్చింది; 1986లో ఎంసెట్ ప్రారంభమైంది. 2021 నుండి ఆంధ్రప్రదేశ్‌లో దాని పేరు ఈఏపీసెట్. నాడు సీటు దొరకక ఏడ్చేవారు, నేడు ఏ సీటో తేలక ఏడుస్తున్నారు. రెండవ ఏడుపును ఎవరూ లెక్కచేయరు.

ముందుగా యంత్రాంగం తెలుసుకోవాలి. ఆప్షన్ల పట్టికలో మీరు వ్రాసిన క్రమమే మీ నిర్ణయం. కంప్యూటరు మీ ర్యాంకును పట్టుకొని పట్టికను పైనుండి చూచుకుంటూ వస్తుంది; అందే మొదటి సీటు దగ్గర ఆగుతుంది. అంతకు క్రిందివి మీకెంత ప్రియమైనవైనా అది చదవదు. "అందరూ పెట్టారు గనుక పైన పెట్టాను, వస్తే చూద్దాం" అనుకొనడంలో ప్రమాదమిదే. తరువాతి విడతలో మళ్ళీ ఆప్షన్లిచ్చి క్రొత్త సీటు పొందితే పాతది దానంతటదే రద్దవుతుంది. కనుక చేతిలోని దానికంటె నిజంగా మెరుగని తోచినవే రెండవసారి వ్రాయాలి. ఏ యేటి నిబంధనలు ఆ యేడు చదువుకోవాలి.

ఖర్చు మాట. ప్రైవేటు కళాశాలలలో సుమారు డెబ్బది శాతం సీట్లు కన్వీనరు కోటావి. ప్రభుత్వం బోధనారుసుము భరించే పథకాలు, పేర్లు మారినా, ఈ సీట్లను ఉద్దేశించినవే. దళారి చూపే సీటుకు ఆ ఆశ పెట్టుకోరాదు. 2007 నాటి చట్టం ప్రకారం బి.సి.–ఇ కింద నాలుగు శాతం రిజర్వేషను ముస్లిములందరికీ కాదు, పట్టికలోని వర్గాలకే. ఆ ధ్రువపత్రాన్ని కౌన్సెలింగు నాటికి కాదు, ముందే తెచ్చి ఉంచుకోవాలి.

ఇక మా అనుభవం. 2005లో ఇంట్లో వారు చెప్పగా ఒక కళాశాలలో చేరినాము. పాఠాలు కష్టమై కాదు, సాయంత్రానికి ఆ పుస్తకం తెరవబుద్ధి కాకపోవడమే మా జబ్బు. ఏడాది చివర మానుకుంటామంటే నాలుగేండ్ల రుసుము కట్టనిదే అసలు ధ్రువపత్రాలు ఇవ్వమన్నారు. అమ్మ గాజులు అమ్మి వాటిని విడిపించింది. 2018లో యూజీసీ విద్యార్థుల అసలు ధ్రువపత్రాలను అట్టిపెట్టుకోరాదని ప్రకటించినప్పుడు ఆ గాజులే జ్ఞాపకం వచ్చాయి. చేరేటప్పుడే ఈ నిబంధనను కళాశాలవారికి వినయంగా జ్ఞాపకం చేయుట మంచిది.

గొప్పవారి కథలు రెండు వైపులా ఉన్నవి. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో జన్మించిన రాజ్ రెడ్డి గిండీలో చదివినది సివిల్ ఇంజనీరింగు, 1958లో పట్టా. కంప్యూటరు శాస్త్రంలో స్టాన్‌ఫర్డ్ డాక్టరేటు 1966లో, ట్యూరింగ్ పురస్కారం 1994లో. శాఖ తలరాత కాదన్నమాట. అబ్దుల్ కలాం తిరుచిరాపల్లిలో భౌతికశాస్త్రంలో బి.యస్సీ. ముగించిన తరువాత గాని తన విషయం అది కాదని గ్రహించలేదు. అప్పుడు మద్రాసులో ఇంజనీరింగులో చేరడానికి ఆయన సోదరి జొహరా తన నగలు తాకట్టు పెట్టింది. కాని ఇట్టి కథలను మేము కొంచెం అనుమానంగానే చదువుతాము. దారి మార్చి తప్పిపోయినవారి జీవితచరిత్రలు ఎవరు వ్రాస్తారు?

అందుచేత ఆ అమ్మాయిని "నీకేది ఇష్టం?" అని అడుగలేదు. పదిహేడేండ్లకు ఆ ప్రశ్న చాలా పెద్దది. "ఇంట్లో ఏ పని నీకు అప్పగిస్తారు?" అన్నాము. తండ్రి మోసిన టిక్కీల లెక్క తానే వ్రాస్తుందట. కొంతసేపటికి తానే అడిగింది: "కల్లంలో ఒకటే రంగున్న కాయ ఇంట్లో పెడితే వెలిసిపోతుంది, కోల్డ్ స్టోరేజీలో పెడితే నిలుస్తుంది. ఎందుకు సార్?"

మాకు జవాబు రాలేదు. భౌతికశాస్త్రం మిత్రుని పిలిపించాము. వెలుతురు, వేడిమి, గాలి రంగును హరిస్తాయని, పంట నూర్చిన తరువాతి శుద్ధి, నిలువ అనేవి వ్యవసాయ ఇంజనీరింగులో ఒక భాగమని, 1983 నుండి బాపట్లలో అందుకొక కళాశాల ఉన్నదని ఆయన చెప్పారు. వ్యవసాయ బి.యస్సీ.కి జీవశాస్త్రం చదివి ఉండాలి గాని ఆ ఇంజనీరింగుకు గణితం చదివినవారే తగినవారని కూడ వివరించారు. తండ్రి ఒక రోజు కూలి వదలుకొని కూతురిని బాపట్ల తీసుకొని వెళ్ళారు. మరునాడు గుంటూరు పొలిమేరలోని కళాశాలకూ వెళ్ళారు. దళారి చెప్పిన చోటికి పోలేదు.

తిరిగివచ్చి ఆ అమ్మాయి కంప్యూటరు శాఖను మూడవ స్థానానికి దింపింది. బి.యస్సీ. దరఖాస్తు మాత్రం వదలలేదు. దానితో తరువాత ఎం.సి.ఏ.కు పోవచ్చునని తానే తెలుసుకున్నది.

బాపట్ల ర్యాంకుకు అందలేదు. ఎలక్ట్రికల్ వచ్చింది, ఇంటి నుండి బస్సు దూరంలో. దసరా సెలవులలో కనిపించినప్పుడు ఎట్లా ఉందని అడిగాము. "డ్రాయింగు కష్టంగా ఉంది సార్. గీత గీతకూ చెరిపేస్తున్నాను" అన్నది. చేతిలో చుట్టిన డ్రాయింగు షీటు ఉన్నది, విప్పి చూపించింది.