ప్రాచ్యవిద్యాబోధనలో వర్ణక్రమ పద్ధతి: దృష్టిలోపం, వినికిడిలోపం గల విద్యార్థులు

కోటబొమ్మాళికి ఉత్తరాన టెక్కలి దాటిన తరువాత పర్లాకిమిడి మార్గం వచ్చును. 1880లో ఆ పర్లాకిమిడిలో ఉపాధ్యాయవృత్తి చేపట్టిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు (1863–1940) వ్యావహారిక భాషోద్యమ నాయకులుగా ప్రసిద్ధులు. ప్రాచ్యవిద్యాబోధకులు వారి వద్ద నేర్వవలసిన మరొక పాఠం కలదు. కొండలలోని సవర పిల్లలకు తెలుగు రాదు. వారు తెలుగు నేర్చి బడికి రావలెనని పంతులుగారు కోరలేదు. తామే సవర నేర్చి, ఆ భాషలో వాచకాలు వ్రాసి, సొంత ఖర్చుతో బడులు నడిపినారు.

ఆ కొండలలో తిరుగునపుడు సోకిన చలిజ్వరానికి క్వినైను వాడగా వారి వినికిడి పోయినదని జీవితచరిత్రకారులు చెప్పుదురు. శబ్దశాస్త్రజ్ఞునకు చెవి పోవుట ఎంతటి నష్టమో చెప్పనక్కరలేదు. అయినను 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వెలువడినవి. మార్గం మారవలసినది విద్యార్థికి కాదు, పాఠానికే అని మొదటి విషయం బోధించును. ఒక ఇంద్రియం మూసికొన్నను విద్యకు మరొక ద్వారం ఉండునని రెండవది బోధించును.

మన సంప్రదాయం ప్రధానంగా చెవిని నమ్మినది. పాణినీయ శిక్ష అధమపాఠకులు ఆరుగురిని లెక్కించుచు, వ్రాతప్రతి చూచి చదువువానిని అందులో చేర్చినది. గురుముఖతః విని ధారణ చేయు ఈ పద్ధతిలో కన్ను లేని విద్యార్థికి స్థానం కలదు. కాని వినికిడి లేనివానికి అది తలుపు మూసినదని ఒప్పుకొనవలెను. నేటి వ్రాతపరీక్ష తీరు ఇందుకు విపర్యయం. ఏ ఒక్క ద్వారమూ అందరికీ చాలదు.

గుణసంధి పాఠమునే చూడుడు. అధ్యాపకుడు ‘రమా + ఈశః’ అని బల్లమీద వ్రాసి, ‘ఇదీ అదీ కలిసి ఇట్లగును’ అని వ్రేలితో చూపును. దృష్టిలేని విద్యార్థికి ‘ఇది’ ఏదో, ‘అది’ ఏదో తెలియదు. ‘మకారానంతరమున్న ఆకారం, దాని తరువాతి ఈకారం, ఈ రెంటికి బదులు ఒకే ఏకారం, రమేశః’ అని పలికిన పాఠం సంపూర్ణమగును. అదే వాక్యం బల్లమీద వ్రాసి, బల్లవైపు గాక విద్యార్థులవైపు తిరిగి చెప్పినచో, వినికిడి తక్కువైనవాడు చదివియు, పెదవుల కదలిక చూచియు గ్రహించును. తక్కినవారికి నష్టం లేదు. పూర్వపరాల స్థానంలో ఏకాదేశమను పాణిని భావం వారికీ స్పష్టపడును.

సాధనాల విషయంలోనూ ఈ వర్ణక్రమమే ఆధారం. ‘స్త్రీ’ అను అక్షరంలో మన లిపి వత్తులను క్రిందను, గుడిని పైనను పేర్చును. 1951లో రూపొందిన భారతీ బ్రెయిలీ అట్లు పేర్చదు. ఆరు చుక్కల గడులలో సకార, తకార, రేఫ, ఈకారాలను ఉచ్చారణక్రమంలోనే వరుసగా నిలుపును. అచ్చు లేని హల్లుకు ముందు హలంతచిహ్నం ఉంచును. బ్రెయిలీ చదువు విద్యార్థి చేతివ్రేళ్లతో వర్ణవిభాగం చేయుచున్నాడన్నమాట. యూనికోడ్ కూడ ఈ అక్షరాన్ని ఇదే క్రమంలో భద్రపరచును. కనుకనే ఎన్.వి.డి.ఎ. వంటి ఉచిత స్క్రీన్ రీడరు దానిని ధ్వనిగా మార్చగలదు. తగిన సాధనంతో బ్రెయిలీగానూ మార్చవచ్చును.

పాత డీటీపీ ఖతుల తీరు వేరు. అవి వర్ణాలను గాక తలకట్టు, గుడి, వత్తు మొదలగు ఆకారాలను ఆంగ్లాక్షరాల స్థానాలలో దాచును. కంటికి శుద్ధమైన తెలుగుగా కనిపించునది స్క్రీన్ రీడరు నోట అర్థం లేని ఆంగ్లాక్షరాల వరుస యగును. పాఠ్యాంశం గాని, ప్రశ్నపత్రం గాని, పరిశోధనపత్రిక గాని ఆ ఖతులలో ఉన్నంతకాలం అది కన్నున్నవారికే పరిమితం. యూనికోడ్‌లోనికి మార్చి, సంయుక్తాక్షరాలను సరిచూచుట ప్రతి శాఖ చేయదగిన పని. యంత్రస్వరానికి దీర్ఘసమాసాల విరుపు తెలియదు గనుక, గురువుగారి కంఠంలో శ్లోకపాఠాన్ని రికార్డు చేసి ఇచ్చుటయు అవసరమే.

పరీక్ష వద్ద చిక్కు మరింత తీవ్రం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించి, ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థలలో కనీసం 5 శాతం సీట్లు కేటాయించినది. 2018 నాటి కేంద్ర మార్గదర్శకాలు లేఖకుని సహాయానికి వీలు కల్పించి, గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం చెప్పినవి. అయితే సంస్కృతం రాని లేఖకుడు విసర్గను వదలివేసి, ‘శ’ కు ‘స’ వ్రాసినచో మార్కులు పోవునది విద్యార్థికి. పలికినవాడు శుద్ధంగా పలికినను, వ్రాసినవాని దోషం అతని తలకెక్కును. అనుమానమున్న పదాన్ని వర్ణవర్ణంగా చెప్పు అలవాటు విద్యార్థికీ, దానిని అందుకొని వ్రాయు అభ్యాసం లేఖకునికీ పరీక్షకు ముందే కల్పించుట అధ్యాపకుని బాధ్యత.

సీటు ఇచ్చుటతో విద్యార్థి కళాశాలలోనికి వచ్చును. పాఠంలోనికి రావలెనన్న పాఠమే అతనికి ఎదురేగవలెను. సవర పిల్లలకొరకు పంతులుగారు కొండ ఎక్కినారు. నేటి అధ్యాపకుడు చేయవలసినది అంతటి ప్రయాణం కాదు. బల్లమీది ‘ఇది’ అను మాటకు బదులు వర్ణం పేరు పలుకుటతో అది ఆరంభం కాగలదు.